తడి రకం మాక్యులా క్షీణత: చూపు పెరగకపోయినా కంటిలో ఇంజెక్షన్లు కొనసాగించాలా?

ప్రశ్న: దేవరకొండ రైతుబిడ్డ

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి ఒక పల్లె. మా నాయనకు 74 ఏళ్లు. బత్తాయి తోట సాగు చేస్తూనే జీవితం గడిపారు. నిరుడు వానాకాలంలో ఒకరోజు గట్టు మీది కరెంటు స్తంభం నడుమ వంగిపోయిందనీ, తీగలు తెగి పడకముందే లైన్‌మన్‌కు చెప్పాలనీ నన్ను తొందరపెట్టారు. వెళ్లి చూస్తే స్తంభం నిటారుగానే ఉంది. ఆ తర్వాత కొన్ని వారాలకు, ఎదురుగా నిలబడిన మనిషి చొక్కా కనబడుతున్నది గానీ ముఖం కనబడటం లేదని చెప్పారు. ఊళ్లో అందరూ మోతిబిందు అన్నారు. దగ్గరి పట్టణంలోని ఒక ఆసుపత్రిలోనూ అదే మాట చెప్పి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. వెలుతురు పెరిగినట్టు అనిపించింది గానీ చూపు నడుమ ఉన్న మరక అలాగే ఉండిపోయింది. చివరకు హైదరాబాదులో రెటీనా నిపుణులకు చూపిస్తే కంటి వెనుక తెర పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీసి, కుడి కంటిలో తడి రకం, ఎడమ కంటిలో పొడి రకం మాక్యులా క్షీణత ఉన్నదని తేల్చారు.

కుడి కంటికి నెలకొకటి చొప్పున వేయవలసిన తొలి విడత ఇంజెక్షన్లు పూర్తయ్యాయి. స్కాన్‌లో నీరు తగ్గిందని డాక్టర్ గారు తృప్తిగా చెప్పారు. మా నాయనకు మాత్రం ఆ కంటితో పట్టాదారు పాసుపుస్తకంలోని అక్షరాలు ఇప్పటికీ అందడం లేదు. కనబడని కంటికి సూదులెందుకు, ఆ డబ్బుతో బోరు మోటారు బాగు చేయించండి అని పట్టుబడుతున్నారు. ఆయన మాటలో అన్యాయమేమీ కనబడక, ఏం జవాబు చెప్పాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. చూపు పెరగనప్పుడు ఈ ఇంజెక్షన్ల వల్ల ప్రయోజనం ఏమిటి? ఎడమ కన్ను కూడా ఇలాగే అవుతుందా, కాకుండా మేము చేయగలిగింది ఏమైనా ఉందా? మందుల షాపులో ఇచ్చే కంటి మాత్రలు వాడవచ్చా? ఆయనకు బీడీ అలవాటు ఉన్నదన్న సంగతి కూడా చెప్పాలి. అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మా నాయనకు చదివి వినిపిస్తాను.

జవాబు 1: జడ్చర్ల నుంచి ఒక కుమార్తె

మీ నాయన గారు అడుగుతున్న ప్రశ్నే మా అమ్మ కూడా అడిగింది కాబట్టి, ముందుగా దానికి మాకు దొరికిన సమాధానం రాస్తాను. మాక్యులా అంటే కంటి వెనుక తెర అయిన రెటీనాలో సరిగ్గా నడుమ ఉండే చిన్న భాగం. చదవడానికీ, ముఖాలు గుర్తుపట్టడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ పనికివచ్చే చూపు అంతా అక్కడిదే. పొడి రకంలో ఆ భాగపు కణాలు మెల్లగా క్షీణిస్తాయి. తడి రకంలో ఆ భాగం కింద అక్కరలేని సన్నని రక్తనాళాలు మొలిచి, వాటి నుంచి నీరూ రక్తమూ కారతాయి. ఇంజెక్షన్ ఆ కారడాన్ని ఆపుతుంది. చెరువు కట్టకు పడిన బుంగను పూడ్చితే మిగిలిన పొలం దక్కుతుంది గానీ అప్పటికే కొట్టుకుపోయిన పంట తిరిగి రాదు కదా, ఇదీ అంతే. ఈ మాట మా డాక్టర్ గారు చెప్పిన తర్వాతే మా అమ్మ మనసు కుదుటపడింది.

అందువల్ల స్కాన్‌లో నీరు తగ్గడం అనేది చిన్న సంగతి కాదు. నీరు తగ్గినా అక్షరం అందడం లేదంటే, చికిత్స మొదలయ్యేనాటికే కొన్ని కణాలు దెబ్బతిని ఉంటాయి. ఇప్పుడు ఆపేస్తే ఆ నాళాలు మళ్లీ కారడం మొదలుపెట్టి, చివరకు అక్కడ గట్టి మచ్చ కడుతుంది; మచ్చ కట్టిన తర్వాత ఏ మందూ పనిచేయదు. నడుమ మరక పెద్దదయ్యేకొద్దీ మనిషి ముఖమే కాదు, మనిషే కనబడకుండా పోయే స్థితి రావచ్చు. మా అమ్మ ఇప్పుడు పేపరు చదవలేదు, కానీ పొయ్యి దగ్గర పని తానే చేసుకుంటుంది, గుడికి ఒంటరిగా వెళ్లి వస్తుంది. ఆ స్వతంత్రం నిలబడటమే మా ఇంటికి ఈ ఇంజెక్షన్ల వల్ల కలిగిన లాభం.

ప్రయాణపు కష్టం గురించి కూడా చెప్పాలి. తొలి విడత తర్వాత ఎప్పటికీ నెలనెలా వెళ్లవలసి వస్తుందని అనుకోకండి. కన్ను పొడిగా ఉన్నంతకాలం డాక్టర్లు గడువును రెండేసి వారాల చొప్పున పొడిగిస్తూ పోతారు. మళ్లీ నీరు కనబడితే తగ్గిస్తారు. మీ డాక్టర్ గారిని ఈ పద్ధతి పాటిస్తారా అని అడగండి. వెళ్లిన ప్రతిసారీ పాత స్కాన్ కాగితాలన్నీ ఒకే ఫైలులో వెంట తీసుకువెళ్లండి. డాక్టర్ మారినా, ఆసుపత్రి మారినా, ముందటి చిత్రంతో పోల్చి చూస్తేనే నీరు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది.

ఇంజెక్షన్ వేసిన రాత్రి కన్ను ఇసుక పడ్డట్టు మండుతుంది. సూక్ష్మజీవులు చేరకుండా ముందుగా వేసే అయోడిన్ చుక్కల వల్లనే ఆ మంట, మరునాటికి తగ్గిపోతుంది. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ కనబడినా, చూపులో ఒక నల్లని బుడగ రెండు రోజులు తేలుతున్నట్టు అనిపించినా భయపడవద్దు. అలాకాకుండా రెండో రోజు నుంచి నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడుతూ, చూపు మసకబారుతూ ఉంటే మాత్రం తెల్లవారే దాకా ఆగకుండా సూది వేసిన ఆసుపత్రికి బయలుదేరాలి. కంటి లోపల ఇన్‌ఫెక్షన్ రావడం చాలా అరుదు, వేల ఇంజెక్షన్లలో ఒకటి. వస్తే మాత్రం గంటలు లెక్కలోకి వస్తాయి.

జవాబు 2: నల్లగొండ నుంచి విశ్రాంత ఆప్తాల్మిక్ ఆఫీసర్

జడ్చర్ల సోదరి చాలా చక్కగా రాశారు. నేను ప్రభుత్వ సర్వీసులో కళ్లు పరీక్షించిన వాడిని, డాక్టరును కాను. తెలిసినంత వరకు కొన్ని సంగతులు జోడిస్తాను.

2006కు ముందు ఈ జబ్బు తడి రకానికి మారిన వారికి మేము చెప్పగలిగింది పెద్దగా ఏమీ ఉండేది కాదు. రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే ఏడాది వెలువడిన పెద్ద పరీక్షలో, ఆ మందు తీసుకున్నవారిలో ఏడాది తిరిగేసరికి నూటికి 95 మందికి చూపు పెద్దగా పడిపోకుండా నిలిచింది. మందు లేకుండా ఉత్తుత్తి సూది మాత్రమే పొందినవారిలో 62 మందికే నిలిచింది. పరీక్షా పలక మీద పదిహేను అక్షరాలు అదనంగా చదవగలిగిన వారు, మందు మోతాదును బట్టి, నాలుగోవంతు నుంచి మూడోవంతు వరకు ఉన్నారు. మీ నాయన గారికి ఈ లెక్కను ఇలా చెప్పండి: చూపు పెరగడం కొద్దిమందికి దక్కే అదృష్టం, చూపు నిలవడం ఎక్కువమందికి దక్కే ఫలితం. ఆయనకు రెండోది దక్కుతున్నట్టు స్కాన్ చెబుతున్నది.

డబ్బు సంగతి తేలిగ్గా తీసుకోవలసింది కాదు. క్యాన్సర్ చికిత్స కోసం తయారైన బెవాసిజుమాబ్‌ను చిన్న మోతాదులుగా విడదీసి కంటికి వాడుతారు, అది అన్నిటికంటే చవక. 2011లో వెలువడిన తులనాత్మక పరీక్షలో అది రానిబిజుమాబ్‌తో దాదాపు సమానంగా చూపు నిలిపిందని తేలింది. అయితే ఒక సీసాను పలువురికి విడదీసేటప్పుడు శుభ్రత పక్కాగా ఉండాలి కాబట్టి, అది ఎక్కడ, ఎలా విడదీస్తున్నారో అడిగే హక్కు మీకు ఉంది. రానిబిజుమాబ్‌కు సాటిగా తయారైన రజుమాబ్‌ను మన దేశపు ఇంటాస్ కంపెనీ 2015లో తెచ్చిన తర్వాత ఆ మందు ధర కూడా కొంత అందుబాటులోకి వచ్చింది. అఫ్లిబర్‌సెప్ట్, ఫారిసిమాబ్ అనేవి ఖరీదైనవి; కొందరిలో సూదికీ సూదికీ నడుమ గడువు ఎక్కువ ఇస్తాయి. దూరం నుంచి వచ్చేవారు మందు ధర ఒక్కటే కాకుండా, కూలి పోగొట్టుకుని తోడు వచ్చే మనిషినీ, బండి ఖర్చునూ కలిపి లెక్క వేసుకుని డాక్టరుతో మాట్లాడాలి. మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది. అక్కడ రెటీనా విభాగంలో ఒకసారి విచారించండి. మీరు వెళ్తున్న ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పథకం సహాయకుడైన ఆరోగ్యమిత్ర ఉంటే ఈ చికిత్స ఆ పథకంలోకి వస్తుందో రాదో వారినే నేరుగా అడగండి, నోటిమాటలు నమ్ముకుని వెనుదిరగవద్దు.

ఇంకొక మాట. గత కొద్ది నెలల్లో ఆయనకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి. ఇంజెక్షన్లు పడినా నీరు తగ్గనివారిలో, ఆసియా దేశాల వారిలో ఎక్కువగా కనబడే పాలిపాయిడల్ అనే ఉపరకం ఉండవచ్చు; దానికి ఆకుపచ్చ రంగు మందు నరానికి ఎక్కించి కంటి రక్తనాళాల చిత్రం తీసే వేరే యాంజియోగ్రఫీ అవసరమవుతుంది. మీ నాయన గారికి నీరు తగ్గింది కాబట్టి ప్రస్తుతానికి ఆ ప్రసక్తి లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎడమ కన్ను. నేను ఈ జవాబు రాయడానికి అసలు కారణం అదే. ఒక కంటిలో తడి రకం వచ్చినవారికి రెండో కంటిలో కూడా అది వచ్చే అవకాశం ఎక్కువ, కానీ తొలి వారాల్లోనే పట్టుకుంటే ఆ కంటికి చదివే చూపు కూడా మిగలవచ్చు. కుడి కంటి విషయంలో ఆ సమయం మోతిబిందు అనుకోవడంలో గడిచిపోయింది. రెండు కళ్లూ తెరిచి చూస్తున్నంతసేపూ బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది, అందుకే ఒక కన్ను మూసి రెండో కంటితో చూడటం అలవాటు కావాలి. ఆమ్స్‌లర్ గడుల కాగితం అని పది సెంటీమీటర్ల చదరపు పటం ఉంటుంది, ఆసుపత్రిలో అడిగితే ఇస్తారు. దాన్ని దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, అడుగు దూరంలో, అంటే సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, నడుమ ఉన్న చుక్కనే చూడాలి. గీతలు వంగినా, అలలుగా కనబడినా, ఒక మూల గడులు మాయమైనా అదే వారంలో రెటీనా డాక్టరు దగ్గర ఉండాలి. కాగితం చిరిగిపోతే గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. నడుమ ఉన్న ఒక తేదీ మీద చూపు నిలిపి, చుట్టూ ఉన్న తేదీల గడులు తిన్నగా ఉన్నాయా అని పొద్దున్నే పళ్లు తోముకునే వేళకు చూసుకోవచ్చు. నిరుడు కరెంటు స్తంభం వంగినట్టు కనబడిందని ఆయన తనంతట తానే గమనించారంటే, ఆయన చూపు విషయంలో జాగ్రత్తపరులే. ఆ గమనింపును ఎడమ కంటికి కాపలాగా పెట్టమనండి.

మాత్రల విషయం. అమెరికా జాతీయ నేత్ర సంస్థ చేసిన ఏఆర్‌ఈడీఎస్ పరీక్ష 2001లో వెలువడింది. మధ్యస్థ దశలో ఉన్నవారికీ, ఒక కంటిలో జబ్బు ముదిరినవారికీ ఒక నిర్ణీత మోతాదులో విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపి ఇస్తే, ముదిరే ప్రమాదం అయిదేళ్లలో సుమారు నాలుగోవంతు తగ్గిందని ఆ పరీక్ష తేల్చింది. 2013లో దాన్ని సవరించి, బీటా కెరోటిన్ తీసేసి 10 మిల్లీగ్రాముల లుటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంతిన్ చేర్చారు, ఎందుకంటే పొగ తాగేవారిలో బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదాన్ని పెంచుతుంది. మీ నాయన గారికి బీడీ అలవాటు ఉన్నది కాబట్టి డబ్బా మీద ఆ పేరు ఉంటే తిరిగి ఇచ్చేయండి. షాపులో కంటి మాత్రలు అని ఇచ్చేవాటిలో చాలా వాటికి ఈ మోతాదులు ఉండవు. డాక్టరు చీటీ మీద రాయించుకుని, సీసా మీది అంకెలతో సరిచూసుకుని కొనండి. ఇవి చూపు తెచ్చే మాత్రలు కావు, ఎడమ కంటికి గడువు పెంచే మాత్రలు. తోటకూర, పాలకూర, మునగాకు, గుడ్డులోని పచ్చసొన, చేపలు తినడం మంచిదే, కానీ తిండి ద్వారా ఆ మోతాదులు అందవు.

బీడీ మానాలి. ఈ జబ్బులో మన చేతిలో ఉన్న కారణాల్లో అన్నిటికంటే పెద్దది అదే. వయసును మార్చలేము, తాతల నుంచి వచ్చిన జన్యువులను మార్చలేము. పొగ తాగేవారికి ఈ జబ్బు తాగనివారి కంటే కనీసం రెండింతలు ఎక్కువగా వస్తుంది. మన జిల్లాలో చుట్ట తాగే పెద్దవాళ్లు ఇది కంటి జబ్బు, పొగకేం సంబంధం అంటారు. సంబంధం ఉంది, గట్టిగానే ఉంది.

జవాబు 3: మునుగోడు నుంచి ఒక పాఠకుడు

ఇదే విషయంలో నాకొక సందేహం ఉంది, ఆఫీసరు గారు దయచేసి తీర్చగలరు. మా అత్తమ్మకు పొడి రకం ఉన్నదని చెప్పారు. మా ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే వచ్చిందని కొందరు, ఆకు పసరు కంట్లో పిండితే పోతుందని కొందరు అంటున్నారు. ఆమెకు నడుము వంగిపోయి ఉన్నందువల్ల స్కాన్ మిషను దగ్గర గడ్డం ఆనించడానికే ఇబ్బంది పడింది. ప్రభుత్వ కంటి వెలుగు శిబిరంలో అద్దాలు ఇచ్చినప్పుడు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

జవాబు 4: నల్లగొండ నుంచి విశ్రాంత ఆప్తాల్మిక్ ఆఫీసర్

ఫ్లోరైడ్ ఎముకలనూ పళ్లనూ దెబ్బతీస్తుందన్నది మన జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు, కానీ మాక్యులా క్షీణతకు అది కారణమని వైద్యశాస్త్రం చెప్పదు. ఫ్లోరైడ్ లేని ప్రాంతాల్లోనూ, దేశాల్లోనూ ఈ జబ్బు ముసలివాళ్లకు వస్తూనే ఉంది. ఆకు పసరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. జబ్బు ఉన్నది కంటి వెనుక తెర మీద; పసరు పడేది ముందున్న నల్లగుడ్డు మీద. అక్కడ పుండు పడితే మిగిలిన చూపు కూడా పోతుంది. అలా చూపు పోగొట్టుకున్నవారిని నేను నా సర్వీసులో చాలామందిని చూశాను.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిలో మొదలైన రెండో విడత, ఊరూరా అద్దాలు అందించడంలోనూ శుక్లాలను గుర్తించడంలోనూ గొప్ప మేలు చేశాయి. కానీ మాక్యులాను చూడాలంటే చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి, వెనుక తెరను పరీక్షించాలి. శిబిరంలో అద్దాలు ఇచ్చారు కాబట్టి కళ్లు పూర్తిగా బాగున్నట్టే అని అనుకోకూడదు. అద్దాలు పెట్టినా చూపు తేటపడని పెద్దవాళ్లందరికీ ఈ పరీక్ష జరగాలి.

మీ అత్తమ్మ గారి ఇబ్బంది నిజమైనదే. మిషను బల్లను పూర్తిగా దించి, కుర్చీని ఎత్తి, ఒక మనిషి వెనుక నుంచి వీపును ఆసరాగా పట్టుకుంటే చాలామందికి గడ్డం ఆనుతుంది. సాంకేతిక నిపుణుడికి ముందే చెప్పి, రద్దీ లేని వేళకు రమ్మంటారేమో కనుక్కోండి. పొడి రకానికి పైన చెప్పిన ఇంజెక్షన్ల అవసరం ఉండదు. అది ముదిరి కణాలు పూర్తిగా చచ్చిపోయే దశకు 2023లో అమెరికాలో రెండు మందులకు అనుమతి ఇచ్చారు గానీ, అవి క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయే తప్ప పోయిన చూపును తేవు. ఆమెకు ప్రస్తుతం కావలసింది క్యాలెండరు గడుల పరీక్ష, ఆరు నెలలకోసారి రెటీనా పరీక్ష.

ప్రశ్న అడిగినవారి నుంచి: దేవరకొండ రైతుబిడ్డ

అందరికీ కృతజ్ఞతలు. రాసినవన్నీ మా నాయనకు చదివి వినిపించాను. చెరువు కట్ట మాట విని చాలాసేపు ఆలోచించి, తర్వాతి తేదీకి వస్తానన్నారు. బీడీ మాటకు మాత్రం జవాబు చెప్పలేదు.

ఆయన ఎవరికీ చెప్పని ఒక సంగతి మీ జవాబులు విన్న తర్వాత మా అమ్మ ముందు బయటపెట్టారు. మునిమాపు వేళ వాకిట్లో కూర్చున్నప్పుడు గోడ మీద పూలతీగలు అల్లుకున్నట్టు, అప్పుడప్పుడూ రంగు రంగుల బట్టలు కట్టుకున్న చిన్న చిన్న మనుషులు వరసగా నడిచిపోతున్నట్టు కనబడుతున్నదట. వాళ్లు మాట్లాడరు, ఆయన లేచి దగ్గరకు వెళ్తే మాయమవుతారు. మా అమ్మ భయపడి తాయత్తు కట్టించాలంటున్నది. మా అన్న మతిమరుపు జబ్బు మొదలైందేమో అంటున్నాడు. మాటల్లో గానీ లెక్కల్లో గానీ ఆయనకు ఏ తేడా లేదు. ఇది కంటికి సంబంధించినదేనా?

జవాబు 5: వనపర్తి నుంచి విశ్రాంత తెలుగు పండితుడు

నాయనా, ఈ జవాబు నేను ఫోనుకు చెబుతుంటే అది రాస్తున్నది, అచ్చుతప్పులను నా మనుమరాలు దిద్దుతున్నది. నాకు రెండు కళ్లలోనూ పొడి రకం ముదిరిపోయింది. మీ నాయన గారు చూస్తున్న బొమ్మలు నేనూ చూస్తున్నాను. నాకు చిన్న మనుషులు కాదు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు గడుల గడుల గోడలూ, ఒక్కోసారి అంచు ఉన్న పట్టుచీరల మడతలూ కనబడతాయి.

ఇది పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. స్విట్జర్లాండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బోనే 1760లో, శుక్లాల వల్ల చూపు మందగించిన తన తాతగారు ఇలాగే మనుషులనూ పక్షులనూ కట్టడాలనూ చూస్తున్నారని రాసిపెట్టాడు. ఆ స్థితికి ఆయన పేరే ఉంది. కంటి నుంచి అందవలసిన చిత్రం అందకపోయేసరికి మెదడులోని చూపు కేంద్రం తనంతట తాను బొమ్మలు కల్పించుకుంటుంది. వాటికి శబ్దం ఉండదు, అవి నిజం కావన్న తెలివి చూసేవారికి ఉంటుంది. మీ నాయన గారి విషయంలో రెండూ అలాగే ఉన్నాయి. కళ్లు గబగబా పదిసార్లు ఆర్పడం, చూపును అటూ ఇటూ తిప్పడం, దీపం వేయడం వల్ల సాధారణంగా అవి చెదిరిపోతాయి. మునిమాపున మసక వెలుతురులో ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువగా వస్తాయి కాబట్టి ఆ వేళకు వాకిట్లో మంచి బల్బు వెలిగించండి, ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడండి. డాక్టర్ గారికి తప్పక చెప్పండి. బొమ్మలు మాట్లాడుతున్నాయన్నా, ఆయన వాటిని నిజమని నమ్ముతున్నా, మాటల్లో మరపు కనబడుతున్నా అది వేరే సంగతి, నరాల డాక్టరుకు చూపించాలి. ఇన్ని రోజులు ఆయన ఎవరికీ చెప్పకపోవడానికి కారణం మీ అన్నగారు అన్న మాటే అయి ఉంటుంది. నేనూ ఆ భయంతోనే చాలాకాలం నోరు విప్పలేదు. మా ఇంటావిడకు చెప్పి, ఆమె విని తల ఊపిన రోజున నాకు సగం భారం దిగింది.

చూపుతో బతకడం గురించి కొంచెం చెప్పనివ్వండి. ఈ జబ్బు మనిషిని కటిక చీకటిలోకి నెట్టదు. నడుమ చూపు పోతుంది, పక్క చూపు ఉంటుంది. ఎదుటివాడి ముఖాన్ని నేరుగా చూస్తే నాకు బూడిద రంగు మరక తప్ప ఏమీ ఉండదు. అతని చెవి మీదుగా, కొంచెం పైకి చూస్తే ముఖం పక్క నుంచి తోస్తుంది. ఎవరికి ఏ దిక్కున చూపు బాగుంటుందో వారే వెతుక్కోవాలి. గడియారం ఊహించుకుని, పన్నెండు వైపు, రెండు వైపు, నాలుగు వైపు ఇలా చూపు తిప్పుతూ ముఖం ఎక్కడ బాగా తేలుతుందో కనిపెట్టాలి. దీన్ని నేర్పించేవారు ఉన్నారు. హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో అల్పదృష్టి ఉన్నవారి కోసం వేరే విభాగం ఉంది. భూతద్దాలు, దీపం ఉన్న భూతద్దాలు, అక్షరాన్ని పెద్దది చేసి చూపే పరికరాలు కంటికి సరిపడేవి పరీక్షించి ఇస్తారు. బజారులో తోచిన భూతద్దం కొనవద్దు.

ఇంట్లో మేము చేసుకున్న మార్పులు పెద్దవేమీ కావు. స్టీలు కంచంలో పెరుగన్నం నాకు కనబడేది కాదు, కంచమూ అన్నమూ ఒకే తెలుపుగా కలిసిపోయేవి. ముదురు నీలం కంచం కొన్న తర్వాత ఎవరూ కలిపి పెట్టకుండా తింటున్నాను. మెట్ల అంచులకు పసుపుపచ్చ రంగు వేయించాము. మీ నాయన గారు తోటకు వెళ్లేవారు కాబట్టి, స్టార్టరు డబ్బాలో ఆన్ బొత్తాం పక్కన వేలికి తగిలేలా ఒక గట్టి టేపు ముక్క అంటించండి. తడి చేతులతో తడుముకునే అవసరం రాకూడదు. వ్యవసాయ బావికి గోడ లేకపోతే ముందు అది కట్టించండి. డబ్బు విషయంలో మోసపోతామన్న భయం ముసలివాళ్లకు ఎక్కువ. కొత్త నోట్ల అంచుల మీద వేలు నడిపితే ఉబ్బెత్తు గీతలు తగులుతాయి, 100కు నాలుగు గీతలు, 200కు నాలుగు గీతల నడుమ రెండు సున్నలు, 500కు అయిదు గీతలు. నోటు పాతబడి గీతలు అరిగిపోతే రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి అనే యాప్ ఫోను కెమెరా ముందు పెట్టిన నోటు విలువను పలికి చెబుతుంది. ఇవన్నీ రెండు కళ్లూ పోయిన తర్వాత నేర్చుకునేవి కావు. ఎడమ కన్ను బాగున్నప్పుడే నేర్చుకుంటే సులువు.

దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే మీ నాయన గారు పలకరించకుండా వెళ్లిపోతున్నారని ఊళ్లో అనుకుంటూ ఉంటారు. నన్ను గర్విష్ఠి అన్నారు. మీరే నలుగురికీ చెప్పండి, ఎదురైనప్పుడు ముందుగా తమ పేరు చెప్పి పలకరించమనండి.

ప్రశ్న అడిగినవారి నుంచి: దేవరకొండ రైతుబిడ్డ

పంతులు గారూ, మీ జవాబును మా నాయన రెండుసార్లు చదివించుకున్నారు. ఈ బొమ్మలు మీకూ కనబడుతున్నాయని విని, మీది ఏ ఊరని అడిగారు. తాయత్తు ఆలోచన మా అమ్మ మానుకుంది. చివరిగా రెండు మాటలు అడుగుతాను. వికలాంగుల ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయవచ్చా? నాకు 46 ఏళ్లు. నాకు కూడా ఈ జబ్బు వస్తుందా?

జవాబు 6: నల్లగొండ నుంచి విశ్రాంత ఆప్తాల్మిక్ ఆఫీసర్

ధ్రువపత్రానికి అద్దాలు పెట్టిన తర్వాత రెండు కళ్లలో మెరుగ్గా ఉన్న కంటి చూపును కూడా లెక్కలోకి తీసుకుంటారు. పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి. ఎడమ కన్ను బాగా ఉన్నంతకాలం ఆయనకు ఆ శాతం రాదు, రాకూడదనే కోరుకుందాం. ఇదివరకు సదరం శిబిరాల ద్వారా ఇచ్చిన పత్రం ఇప్పుడు యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు రూపంలో వస్తున్నది, అవసరం వచ్చిననాడు మీసేవలో విచారించండి.

మీ విషయానికి వస్తే, తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారి కంటే ఎక్కువ, అయినా తప్పక వస్తుందని కాదు. యాభై దాటిన తర్వాత మీరూ, మీ అన్నగారూ ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. చుక్కలు వేసిన తర్వాత నాలుగైదు గంటలు దగ్గరి చూపు ఆనదు, ఎండ కళ్లలో పొడుస్తుంది. ఆ రోజు బండి మీరు నడపకుండా బస్సులో వెళ్లి రండి. మీకు కూడా బీడీ గానీ సిగరెట్టు గానీ ఉంటే మీ నాయన గారితో పాటే మానేయండి. ఇంట్లో ఇద్దరూ ఒకేసారి మానితే ఆయనకు కష్టం తగ్గుతుంది. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో పొగాకు మాన్పించే సలహా ఎవరు ఇస్తున్నారో నేను రేపు కనుక్కుని ఇక్కడే రాస్తాను.